క్లస్టర్ ఉంది కదా అని ప్లగ్ పీకేస్తారా?

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. ఆఫీసు గ్రూపులో వచ్చింది, పాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా బావమరిది కూడా పంపాడు. వాడు చేసేది ఇంటీరియర్ డిజైన్. "లైనక్స్ హెచ్‌ఏ క్లస్టర్ నోడ్ ఆపడానికి 5 గోల్డెన్ రూల్స్" అట. హెచ్‌ఏ క్లస్టర్ అంటే ఒక సర్వర్ (నోడ్) పడిపోయినా ఇంకోటి పని అందుకునేలా కట్టిన సర్వర్ల గుంపు. ఏ సర్వీసు ఏ నోడ్ మీద నడవాలో చూసే పేస్‌మేకర్, నోడ్ల మధ్య కబుర్లు మోసే కోరోసింక్ వాడేవాళ్లందరికీ షేర్ చేయాలట. చేస్తూనే ఉన్నారు.

మొదటిది: "నెలకోసారి నోడ్లన్నీ రీబూట్ చేస్తే క్లస్టర్ ఫ్రెష్‌గా ఉంటుంది." కెర్నల్ ప్యాచ్ ఉంటే చేయండి. ఫ్రెష్‌గా ఉండటానికి అది ఆకుకూర కాదు.

రెండోది: "క్లస్టర్ ఉన్నదే అందుకు. ప్లగ్ పీకేయండి, రెండో నోడ్ అందుకుంటుంది." చెప్పకుండా మాయమైన నోడ్ చచ్చిందో, దాని నెట్‌వర్క్ మాత్రమే పోయిందో రెండో నోడ్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే ముందు దాన్ని ఫెన్స్ చేసి (బలవంతంగా పవర్ ఆపించి), ఆరిపోయిందని ఖాయం చేసుకున్నాకే సర్వీసు మొదలుపెడుతుంది. మీ ఫెన్సింగ్ ఐపీఎంఐ మీద, అంటే సర్వర్‌లోనే ఉండే బీఎంసీ అనే చిన్న కంట్రోలర్‌కి దూరం నుంచి పవర్ ఆపమని చెప్పే పద్ధతి మీద ఉందనుకోండి. సర్వర్‌కున్న రెండు పవర్ కేబుళ్లూ పీకితే సర్వర్‌తో పాటు బీఎంసీ కూడా ఆరిపోతుంది. ఇక పలికేవాళ్లుండరు. ఫెన్స్ ఫెయిల్, మళ్లీ ప్రయత్నం, మళ్లీ ఫెయిల్. పీడీయూ (దూరం నుంచి కరెంటు ఆపగల ర్యాక్ పవర్ స్ట్రిప్) లాంటి రెండో దారి పెట్టుకోకపోతే సర్వీసు అక్కడా లేదు, ఇక్కడా లేదు.

మూడోది: "మొత్తం ఆపాలంటే ఒక్కో నోడూ ఆపుకుంటూ రండి." 3 నోడ్లలో రెండోది ఆపబోతే క్వోరమ్ (పని నడపడానికి కావాల్సిన మెజారిటీ) పోతుందని క్లస్టర్ కమాండ్ టూల్ పీసీఎస్ ముందే మొత్తుకుంటుంది. దానికి మనవాడి సలహా "ఫోర్స్ కొట్టండి". క్లస్టర్ స్టాప్ కమాండ్‌కి "ఆల్" తగిలిస్తే సరిపోతుంది కదా? అన్ని చోట్లా ముందు పేస్‌మేకర్ ఆగుతుంది, తర్వాత కోరోసింక్.

నాలుగోది చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను. "మెయింటెనెన్స్‌కి ముందు స్టోనిత్ డిజేబుల్ చేయండి. లేకపోతే నోడ్లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి."

స్టోనిత్ అంటే పైన చెప్పిన ఫెన్సింగే. స్టాండ్‌బై (నోడ్ మీది పనులన్నీ అవతలికి పంపి దాన్ని ఖాళీగా ఉంచడం), ఆ తర్వాత క్లస్టర్ స్టాప్ సవ్యంగా జరిగితే ఫెన్సింగ్ ఊసే రాదు. చెప్పి వెళ్లిన నోడ్‌ని ఎవరూ కాల్చరు. అయినా కాల్చిన రాత్రి ఒకటి నేనూ చూశాను. ఒంటిగంటన్నరకి డేటాబేస్ నోడ్‌ని స్టాండ్‌బైలో పెట్టాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఆగే ముందు చెక్‌పాయింట్ (మెమరీలోది డిస్క్‌కి) రాసుకుంటోంది. స్టాప్ టైమౌట్ దగ్గర ఎవరో ఎప్పుడో 20 సెకన్లు అని పెట్టి వదిలేశారు. 20 దాటగానే లాగ్‌లో స్టాప్ ఫెయిల్ అని పడింది, నా టెర్మినల్ బిగుసుకుపోయింది, నోడ్ ఆరిపోయింది. తప్పు స్టోనిత్‌దా? టైమౌట్ 300 చేశాం, మళ్లీ ఆ గొడవ లేదు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోలేదు.

స్టోనిత్ తీసేసి ఉంటే? స్టాప్ ఫెయిలైన రిసోర్స్‌ని (ఇక్కడ డేటాబేస్‌ని) పేస్‌మేకర్ అక్కడే బ్లాక్ చేసి కూర్చునేది. సర్వీసు రెండో నోడ్‌కి వెళ్లేదే కాదు. అదీ నయమే. అదే రాత్రి ర్యాక్ వెనక ఎవరి చేతికో తగిలి క్లస్టర్ కేబుల్ ఊడిందనుకోండి. 2 నోడ్ల క్లస్టర్‌లో దేనికది తానొక్కదాన్నే బతికున్నాననుకుంటుంది. ఒకే లన్ (రెండు నోడ్లకీ కనిపించే డిస్క్) మీదున్న, ఒకసారికి ఒక్క నోడే వాడాల్సిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ని రెండూ మౌంట్ చేస్తాయి, రెండూ రాస్తాయి. పొద్దున మీరు వెతుక్కునేది బ్యాకప్ టేపు. సరిగ్గా మనుషులు కేబుళ్ల మధ్య చేతులు పెట్టే రాత్రే కాపలావాడికి సెలవిచ్చేయమంటున్నాడు ఈ మహానుభావుడు! పైగా పనయ్యాక మళ్లీ ఎనేబుల్ చేయమన్న ముక్క మెసేజ్‌లో ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను.

ఐదోది: "మామూలు షట్‌డౌన్ కమాండ్ చాలు, క్లస్టర్ కమాండ్లు అక్కర్లేదు." దీన్నీ ఉతికి ఆరేద్దామని పేస్‌మేకర్ సర్వీస్ ఫైల్ తెరిచాను. స్టాప్ టైమౌట్ 30 నిమిషాలు. డేటాబేస్ ఆగడానికి అంతసేపు పట్టొచ్చని రాసినవాళ్లకి తెలుసు. షట్‌డౌన్ కొడితే లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ పేస్‌మేకర్‌ని పద్ధతిగానే ఆపుతుంది, రిసోర్సులు అవతలికి వెళ్తాయి. కాబట్టి ఇది చాలావరకు నిజమే, ఒప్పుకుంటున్నాను. రిసోర్సులు ఆధారపడ్డ ఐస్కజీ (నెట్‌వర్క్ మీద అందే డిస్క్) లాంటివి వాటికంటే ముందే ఆగకుండా చూసుకుంటే చాలు.

నేను మాత్రం ముందు స్టాండ్‌బైయే పెడతాను. రిసోర్సులు అవతల లేచాయో లేదో కళ్లారా చూడొచ్చు, లేవకపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పొచ్చు. దీనికీ ఒక తద్దినం ఉంది. స్టాండ్‌బై రీబూట్ అయినా పోదు, మనమే తీయాలి. ఎనేబుల్ ముక్క లేదని పైన అంత ఎగిరానా, పోయిన నెల ప్యాచింగ్ అయ్యాక అన్‌స్టాండ్‌బై కొట్టడం నేనే మర్చిపోయాను. 11 రోజులు మా హెచ్‌ఏ క్లస్టర్ ఒంటికాలి మీద నడిచింది. కనిపెట్టింది కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, ఈ నోడ్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందా?" అని అడిగాడు.