అత్తాకోడళ్ళను కలిపిన గాయని

లక్ష్మి అత్త, సరస్వతి కోడలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఇమడరని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఈ ఒక్క సూత్రం మీదే మన కళారంగం ఇన్నాళ్ళూ సజావుగా నడుస్తోంది. కవికి శాలువా కప్పుతాం, గాయకుడికి జ్ఞాపిక ఇస్తాం. ఆటో ఛార్జీలు కూడా ఇస్తే కళను అవమానించినట్టు అవుతుందేమోనని ఆగిపోతాం. ఇంత పవిత్రమైన ఏర్పాటును అమెరికాలో, టెన్నెసీ కొండల్లో పుట్టిన ఒకావిడ పాడుచేసింది. పేరు డాలీ పార్టన్. ఆమె ఆస్తి 35 కోట్ల డాలర్లని 2021లో ఫోర్బ్స్ పత్రిక అంచనా వేసింది. పల్లె పాటలు పాడుకునే మనిషికి ఇంత డబ్బా?

మొదలు మాత్రం పద్ధతిగానే ఉంది, కాదనలేం. 1946లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. పురుడు పోసిన డాక్టరుకు తండ్రి ఇచ్చుకున్న ఫీజు ఒక బస్తా మొక్కజొన్న పిండి. కళాకారిణికి ఇంతకన్నా మంచి జాతకం ఏముంటుంది? 1964లో హైస్కూలు చదువు ముగిసిన మర్నాడే, ఆ పల్లె పాటల రాజధాని నాష్‌విల్‌కు బయల్దేరింది. ఇక ఆచారం ప్రకారం తాగాలి, అప్పుల పాలవ్వాలి, వీలైతే చిన్న వయసులోనే పోవాలి. అదే పల్లె పాటల గాయకుడు హ్యాంక్ విలియమ్స్ అలాగే చేశాడు. 29 ఏళ్ళకే, 1953 కొత్త సంవత్సరం రోజున, కచేరీకి వెళ్తూ కారు వెనక సీట్లోనే ప్రాణం విడిచాడు. ఇంకో గాయకుడు విల్లీ నెల్సన్ తొలి రోజుల్లో తన పాట ఒకదాన్ని 50 డాలర్లకు అమ్ముకుంటే, అది ఇంకొకరి గొంతులో హిట్టయింది. 1990లో పన్నుల వాళ్ళు ఆయన ఆస్తులు జప్తు చేస్తే, బాకీ తీర్చడానికే ఒక ఆల్బమ్ అమ్మాడు. ఇదీ సంప్రదాయం అంటే!

డాలీ ఏం చేసింది? మేనమామతో కలిసి, పాటల హక్కులు చూసుకునే సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. ఈ దుర్మార్గం లోతు తెలియాలంటే చిన్న లెక్క చెప్పాలి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే, రాసినవాళ్ళకూ పబ్లిషింగ్ హక్కు ఉన్నవాళ్ళకూ డబ్బు వెళ్తుంది. పాడినవాళ్ళకు నమస్కారం వెళ్తుంది. డాలీ పాటలు రాస్తుంది, హక్కులూ దాచుకుంటుంది. ఇక మిగతావాళ్ళు బతికేదెట్లా?

పోర్టర్ వాగనర్ అనే పెద్దాయన టీవీ షోలో కొన్నేళ్ళు పాడి, 1974లో బయటికి వచ్చేసింది. వెళ్తున్నానని చెప్పడానికి రాసిన పాటే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. నిన్నెప్పటికీ ప్రేమిస్తూనే ఉంటానన్న ఆ వీడ్కోలుకు, పెద్దాయన 1979లో 30 లక్షల డాలర్లకు దావా వేసి బదులిచ్చాడు. ఈ కథలో నాకు నచ్చిన ఘట్టం ఇదొక్కటే.

అసలు నేరం వేరే ఉంది. ఆ పాటను రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. సాక్షాత్తూ ఎల్విస్! ఆయన మేనేజర్ కర్నల్ పార్కర్ ఒకే ఒక్క షరతు పెట్టాడు: పబ్లిషింగ్ హక్కులో సగం మాకివ్వాలి. (ఈ కర్నల్ ఏ సైన్యంలోనూ కర్నల్ కాదు. లూసియానా గవర్నరు ఇచ్చిన గౌరవ బిరుదది. మన గౌరవ డాక్టర్లు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఎవరైనా పాదాభివందనం చేసి మిగతా సగం కూడా ఇచ్చేసేవాళ్ళు. ఈమె కుదరదంది. ఆ రాత్రంతా ఏడ్చిందట. ఏడవడం వరకూ కళాకారిణి లక్షణమే, కానీ హక్కు ఇవ్వకుండా ఏడ్చింది చూశారా!

1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాటను ఒక సినిమాలో పాడింది. అమెరికాలో హిట్ పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానం. గొంతు పోయేలా పాడింది విట్నీ. రేడియోలో మోగినప్పుడల్లా డబ్బు మాత్రం డాలీ ఖాతాలో పడింది.

ఈ జబ్బు మన దాకా వచ్చేసింది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాట రాసినవారు, స్వరం కట్టినవారు సినిమా హాలు బయటి వాడకాలపై తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేదన్నారు. 2017లో ఇళయరాజా గారు, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని, అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలు గారికి నోటీసు పంపితే మనకెంత టెన్షన్! స్నేహితుల మధ్య కాగితాలేంటని తెగ బాధపడ్డాం. ఆ కాగితంలో ఏం రాసుందో చదివేంత తీరిక మనలో చాలామందికి దొరకలేదు.

చదవడం అంటే గుర్తొచ్చింది. డాలీ తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ ప్రేరణతో ఆమె 1995లో పిల్లలకు పుస్తకాలు పంచే పథకం పెట్టింది. పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా నెలకో పుస్తకం, ఉచితంగా, పోస్టులో. ఇప్పటికి 20 కోట్లు దాటాయి. ఈ పిల్లలంతా పెద్దయ్యాక ఒప్పంద పత్రాలు కూడా చదివి సంతకం పెడతామంటే, నిర్మాతల గతేంటి? ఎవరైనా ఆలోచించారా?

2021లో టెన్నెసీ శాసనసభ ఆవరణలో విగ్రహం పెడతామంటే వద్దని చెప్పింది. సొంత కౌంటీలో, సెవియర్‌విల్ కోర్టు ముందు ఇప్పటికే ఒకటి ఉందనుకోండి. తండ్రి రాత్రిపూట బకెట్టూ సబ్బూ పట్టుకెళ్ళి, దాని మీద పావురాల రెట్టలు కడిగొచ్చేవాడని డాలీయే చెప్పింది. కాగితం రాసుకోకుండా, పైసా అడక్కుండా, పేరు కోరకుండా పనిచేసిన మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే కనిపిస్తున్నాడు. ఈ ఏటి ఉత్తమ కళాకారుడికి నా ఓటు ఆయనకే.