'నీ ఇష్టం' గారికి ఒక మనవి

గౌరవనీయులైన 'నీ ఇష్టం' గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా మా సోఫాలో, మా ఇద్దరి మధ్యన కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నది మీరేగా! జూలైలో మా పెళ్లిరోజుకి ఎక్కడికైనా వెళ్దాం, మనిద్దరమే, అని మా ఆయన ఎప్పుడో మాటిచ్చాడు. నిన్న బుక్ చేద్దామని కూర్చున్నాం. లేచేసరికి నా ఫోన్లో ముప్పై ఒక్క ట్యాబులు తెరిచి ఉన్నాయి, టికెట్టు ఒక్కటీ లేదు, మాటలు అసలే లేవు.

ముందు నేను వెనిస్ అన్నాను. "నీ ఇష్టం" అన్నాడు. సంబరపడి చదవడం మొదలుపెట్టాను. అక్కడి నిట్టూర్పుల వంతెన కింద, పడవలో, పొద్దుగూకే వేళ ముద్దు పెట్టుకుంటే ప్రేమ కలకాలం నిలుస్తుందట. తీరా చూస్తే అది ఖైదీలను విచారణ గదుల నుంచి జైలుకి నడిపించిన దారి, నిట్టూర్పులు వాళ్లవి! నవ్వుతాడని చెప్పాను. "అయితే వద్దులే" అన్నాడు. వద్దా? మరి ఇందాక నా ఇష్టం అన్నావుగా? "నేను వద్దనలేదే, నీ ఇష్టం అన్నా."

అయ్యా, మీకు ఎన్ని వేషాలండీ. ఫోన్లోంచి తల ఎత్తకుండా అంటే ఒకటి, తల ఎత్తి అంటే ఇంకొకటి. "సరే, నీ ఇష్టం" అంటే వద్దని. "ఇంక నీ ఇష్టం" అంటే రేపు నన్ను అనొద్దని. సాగదీసి "నీ ఇష్టం..." అన్నాడో, ఆయన మనసులో ఒక ఊరు ఉందన్నమాట, అది నేను కనిపెట్టాలి, కనిపెట్టి నా నోటితో నేనే చెప్పాలి, అప్పుడాయన పెద్ద మనసుతో ఒప్పుకుంటాడు.

గ్రీసులోని శాంటోరిని దీవి అన్నాను. తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, ఫోటోలో ఒక్క మనిషి లేడు (సాయంత్రం అక్కడి ఇయా అనే ఊళ్లో సూర్యుణ్ణి చూడాలంటే ముందు పదిమంది భుజాలు చూడాలి, అది వేరే సంగతి). "అది అగ్నిపర్వతం అంచు కదా, 2025 మొదట్లో వరసగా భూమి కంపించి వేలమంది దీవి వదిలిపోయారు" అన్నాడు. ఇన్ని తెలిసిన మనిషికి తనకేం కావాలో మాత్రం తెలియదు. పోనీ వెళ్దామా, వద్దా అంటే మళ్లీ మీరే ప్రత్యక్షం.

మాల్దీవులకి గంటన్నర పోయింది. ఆ నీళ్ల మీది గదులకి అంత తగ్గింపు ఎందుకిస్తున్నారా అనుకున్నా, మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు కదా, ఉదారంగానే ఉంటారు. పైగా ఆ గదుల దాకా తీసుకెళ్లే, నీళ్ల మీద దిగే సీప్లేన్లు చీకటి పడితే ఎగరవు, మాకు దొరికే విమానమేమో రాత్రికి దిగుతుంది. అంటే మొదటి రాత్రి రన్‌వే పక్కన ఏదో గదిలో. ఇదంతా వెతికింది నేను. మంచం మీద గులాబీ రేకులు, తువ్వాళ్లతో చేసిన హంసలు కూడా చూశాను. వాటికి ఇంకో ఉత్తరం రాస్తాను.

తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, మా సెలవు మొదలయ్యేదే శుక్రవారం. అయినా పద్నాలుగో కాన్పులో పోయిన భార్య సమాధిని చూసి మేం మురిసిపోవాలట. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, షాజహాన్ "నీ ఇష్టం" అనలేదు. అనడానికి ఎదురుగా మనిషి లేదనుకోండి.

పారిస్‌లో జంటలు తాళాలు వేసే వంతెన ఉండేది. 2014లో బరువుకి రెయిలింగ్ కొంత కూలింది, 2015లో దాదాపు 45 టన్నుల తాళాలు ఊడదీశారు. లోకం వాళ్లను చూసి నవ్వింది కానీ నాకు కుళ్లు పుట్టింది. వాళ్లు ఒక ఊరు అనుకున్నారు, వచ్చారు, తాళం వేశారు, తాళంచెవి నదిలో పారేశారు. మాకు ఊరి పేరే తేలలేదు.

అసలు మీతో నా గొడవ ఏమిటంటే, మీరు చూడ్డానికి మర్యాదస్తులు. వినేవాళ్లు "ఎంత మంచి మొగుడో, అన్నీ భార్య ఇష్టమే" అనుకుంటారు. ఇష్టం కాదండీ అది, చాకిరీ! వీసా ఎన్ని రోజులకి వస్తుంది, వాన ఎప్పుడు, రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, అన్నీ నేను చూడాలి, ఆ తర్వాత తప్పూ నాదే కావాలి. పోయినసారి ఒక కొండ ఊరికి వెళ్లాం. మూడు రోజులు పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు, కొండ కూడా. మూడో రోజు పొద్దున ఆయన కిటికీ తీసి, కాసేపు ఆ తెల్లదనాన్ని చూసి, "నీ ఇష్టమేగా" అన్నాడు. ఆ చివరి 'గా' ఉంది చూశారూ. రెండేళ్లయింది, అన్నం తింటున్నా గుర్తొస్తుంది. ఒక్క అక్షరంతో టికెట్లు నావి, మంచు నాది, వాతావరణం నాది! సిగ్గుందా మీకు? నోరు లేని దానిలా వచ్చి కూర్చుని, నెపమంతా ఒకరి నెత్తిన పెట్టి లేచిపోతారా?

అందుకే నిన్న ఏడింటికి ఫోన్ పక్కన పడేసి, "మీ ఇష్టమండీ" అన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని నువ్వు అనే మనిషిని నేను. మొహం పాలిపోయింది పాపం.

రాత్రి పదకొండింటికి మెలకువ వస్తే దుప్పటి కింద వెలుతురు. బాలి చూస్తున్నాడు. వర్షాలు నవంబరు నుంచి మార్చి దాకానట, జూలైలో పొడిగా ఉంటుందట, అదీ చూసి పెట్టాడు. "బాలి ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు, చిన్న గొంతుతో.

నాకు బాలి నచ్చింది. నిజంగానే నచ్చింది, వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను.

మీరొచ్చారు.

ఇట్లు,
ట్యాబులు ఇంకా మూయని ఒక ఇల్లాలు