పెట్టుబడి పంపే ముందు లెక్క అడుగుదాం

నల్గొండ, పాలమూరు నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ మనందరికీ ఊరి నుంచి ఈ ఫోన్ తప్పదు. "అన్నా, బిజినెస్ పెడదామనుకుంటున్న, ఓ ఐదు లక్షలు సర్దరాదు?" కాదనలేక పంపేస్తాం. ఏం అమ్ముతావు, ఎంతకు పడుతుంది అని అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని మొహమాటం. ఈ మొహమాటమే మన పిల్లల కొంప ముంచుతోందని నా గట్టి అభిప్రాయం.

వనపర్తి దగ్గర మా మేనల్లుడు గానుగ నూనె తీస్తానన్నాడు. పల్లీ పండే నేల, ఆలోచన మంచిదే. "లీటరు నీకెంతకు పడుతుందిరా?" అంటే, "పల్లీల ఖరీదే కద మామా" అన్నాడు. ఫోన్లోనే ఇద్దరం లెక్క వేశాం. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పల్లీలు కావాలి. కిలో 130 అనుకుంటే 325 రూపాయలు. నూనె తీశాక మిగిలే చెక్కను పశువుల దాణాకు అమ్మితే ఓ 60 తిరిగొస్తుంది. కరెంటు, సీసా, షెడ్డు కిరాయి, కూలి కలిపితే ఆ 60 మళ్లీ పోతుంది. వాడు అమ్మాలనుకున్న ధర 340. మిగిలేది 15. రోజుకు ఇరవై లీటర్లు అమ్ముడైనా 300 రూపాయలే. ఈ లెక్కలో వాడి సొంత కష్టానికి కూలి వేయలేదు, మిషన్ రిపేరు వేయలేదు, ఉద్దెర పోయి వసూలు కాని బాకీ అసలే వేయలేదు. ఊళ్లో చుట్టాలకు ఉద్దెర లేదనడం ఎంత కష్టమో మనకు తెలియనిదా?

దాంతో గానుగ మిషన్ కొనే ఆలోచన పక్కన పెట్టాడు. ముందు వేరేవాళ్ల గానుగలో కిరాయికి ఆడించి అమ్మి, గిరాకీ చూస్తానన్నాడు. నాకు చాలా సంతోషమైంది.

కాగితాల పని అంత కష్టం కాదు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. తినే సరుకైతే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషనో లైసెన్సో తప్పనిసరి. జీఎస్టీ దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా రాష్ట్రాల్లో సరుకులమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, తెలంగాణలో అది 20 లక్షలే. వీడియోల్లో 40 అని విని ధీమాగా ఉంటే చిక్కే. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో భోజనం, వసతితో ఉచితంగా శిక్షణ దొరుకుతుంది.

మన సంఘంలో అకౌంటెంట్లు, సొంతంగా దుకాణాలు నడిపేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. శనివారం పొద్దున మనకు తీరిక, అక్కడ దుకాణం కట్టేసే వేళ. ఊళ్లో ఒక్క పిల్లవాడితో ఒక్క గంట కూర్చుని లీటరుకో, చీరకో, ప్లేటుకో ఇలా లెక్క వేయించండి. ఆ కాగితం చూశాకే డబ్బు పంపండి.