ఒక్క మనిషికి ఆరుగురా?

జీవిత చరిత్రను సినిమాగా తీయడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎవరు రాశారో తెలియదు గానీ, దాటినవాళ్లు మాత్రం తక్కువ. మహానుభావుడు పేదరికంలో పుట్టాలి. పేదరికం దొరకని పక్షంలో కనీసం వర్షంలోనైనా పుట్టాలి. తండ్రి కళను ఈసడించాలి, తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకోవాలి. ఊరి చివరి బాటలో బాలనటుడు పరుగెత్తుతుంటే కెమెరా అతని పాదాల మీదికి దిగాలి, మళ్లీ పైకి లేచేసరికి అవి కథానాయకుడి పాదాలై ఉండాలి. ఆపైన తొలి అవకాశం, తొలి చప్పట్లు, ఇంటర్వెల్, మద్యం, భార్య కన్నీళ్లు, పతనం, పునరాగమనం. చివర్లో అసలు మనిషి నలుపు తెలుపు ఫోటోలు ఒక్కొక్కటే వస్తుంటే ప్రేక్షకులు "అచ్చం అలాగే ఉన్నాడు" అనుకుంటూ సీటు కింద చెప్పులు వెతుక్కోవాలి.

ఇంత చదునైన దారి ఉండగా, అమెరికన్ దర్శకుడు టాడ్ హేన్స్ 2007లో అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ మీద 'ఐయామ్ నాట్ దేర్' (నేనక్కడ లేను) అనే చిత్రం తీశాడు. బయోపిక్కుల మర్యాద కాపాడవలసిన బాధ్యత ఎవరూ నాకు అప్పగించలేదు. అయినా ఎవరో ఒకరు పూనుకోవాలి కనుక, ఆలస్యంగానైనా ఈ అభియోగపత్రం దాఖలు చేస్తున్నాను.

మొదటి నేరం లెక్కకు సంబంధించినది. ఒక్క డిలన్‌కు ఆరుగురు నటులు. వాళ్లలో ఒకడు నల్లజాతి కుర్రవాడు, మార్కస్ కార్ల్ ఫ్రాంక్లిన్. గిటారు పెట్టె పట్టుకుని గూడ్సు రైళ్లెక్కి తిరుగుతూ, తన పేరు వుడీ గత్రీ అని, అంటే పాత తరం జానపద గాయకుడి పేరు, చెప్పుకుంటాడు. అది 1959, వాడు పాడేవి మాత్రం ముప్ఫయ్యో దశకపు కరువు పాటలు. బెన్ విషా ఫ్రెంచి కవి రాంబో పేరుతో ఒక విచారణ సంఘం ముందు కూర్చుని సిగరెట్టు కాలుస్తూ ఎదురు జవాబులు ఇస్తుంటాడు. క్రిస్టియన్ బేల్ ఉద్యమ గీతాల గాయకుడిగా మొదలై చర్చి ఉపదేశకుడిగా తేలతాడు. రిచర్డ్ గేర్ అయితే బందిపోటు బిల్లీ ద కిడ్. ఏదో పాతకాలపు పల్లెలో గుర్రమెక్కి తిరుగుతుంటాడు. ఆ పల్లె వీధిలో జిరాఫీ కనిపిస్తుంది. అది అక్కడికి ఎందుకు వచ్చిందో సినిమా పూర్తయినా ఎవరూ చెప్పరు.

ఇక హీత్ లెడ్జర్ పాత్ర సంగతి. ఇతను అసలు గాయకుడు కాదు, సినిమా నటుడు. బేల్ వేసిన గాయకుడి జీవితం మీద ఆ కథలోనే ఎవరో ఒక బయోపిక్ తీస్తే అందులో నటించి పేరు తెచ్చుకున్నవాడు. అంటే మనకు ప్రాణప్రదమైన పద్ధతి హేన్స్‌కు తెలియక కాదు. తెలిసీ, దాన్ని తన సినిమాలోనే ఒక మూలన కూర్చోబెట్టి, అందులో నటించినవాడి కాపురం కళ్ల ముందే కూలిపోవడం చూపించాడు. ఇది అజ్ఞానంతో చేసిన తప్పయితే క్షమించవచ్చు.

రెండో నేరం మరీ దారుణం. నూట ముప్ఫయ్యయిదు నిమిషాల సినిమాలో ఏ పాత్రకూ బాబ్ డిలన్ అనే పేరు లేదు. మొదట్లో డిలన్ సంగీతం, ఆయన అనేక జీవితాల స్ఫూర్తితో తీశామని ఒక మాట వేసి చేతులు దులుపుకున్నారు. అసలు మనిషి కొసన మాత్రం ఒకసారి కనిపిస్తాడు, పాత ఫిల్ము ముక్కలో మౌతార్గాన్ వాయిస్తూ. టిక్కెట్టు కొన్నవాడు ఎవరి జీవితం చూడటానికి వెళ్లాడో ఆ మనిషి పేరైనా వినకుండా ఇంటికి రావాలి. అనేక జీవితాలట! ఒక్క జీవితాన్ని ఇంటర్వెల్ లోపు కుదించలేక మనవాళ్లు రెండు భాగాలు చేసుకుంటుంటే.

ఆరో నటుడి సంగతి కావాలనే దాచి ఉంచాను, ఎందుకంటే ఆరో నటుడు నటి. 1966లో జానపదం వదిలి కరెంటు గిటారు పట్టుకుని ఇంగ్లాండంతా తిరిగి, జానపద అభిమానుల తిట్లు తిన్న డిలన్‌గా ఆస్ట్రేలియా నటి కేట్ బ్లాంచెట్ వేసింది. చింపిరి జుట్టు, నల్ల కళ్లద్దాలు, గాలి వీస్తే ఎగిరిపోయేట్టున్న భుజాలు. అభిరుచి గల విమర్శకుడిగా ఆమెను ఖండించాలని చూశాను గానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది. ఆరుగురిలోనూ డిలన్‌లా ఉన్నది ఆమె ఒక్కతే. వెనిస్ చిత్రోత్సవం వాళ్లు ఆమెకు ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. మగవాడిగా వేసినందుకు ఉత్తమ నటి! ఆ నిర్ణయం రాసే ముందు జ్యూరీ ఎంతసేపు తలలు పట్టుకుందో ఊహించుకోండి. ఆస్కార్‌కూ నామినేట్ అయింది, బహుమతి మాత్రం ఇంకొకరికి పోయింది. పద్ధతి పూర్తిగా చచ్చిపోలేదనడానికి అదొక్కటే ఆధారం.

ఇక్కడ ప్రతివాది తరఫు వాదన ఒకటి నన్ను కలవరపెడుతోంది. తెలుగు పద్యనాటకం ఎరిగినవాడెవడైనా లేచి, "అయ్యా, మన ఊళ్లో హరిశ్చంద్ర నాటకానికి ఎంతమంది హరిశ్చంద్రులు?" అని అడిగితే ఏం చెప్పాలి? కరపత్రంలోనే ఉంటుంది: ఒకటో హరిశ్చంద్రుడు ఫలానా, రెండో హరిశ్చంద్రుడు ఫలానా. వారణాసి దాకా ఒకరు, కాటి సీనుకు మరొకరు. మొదటాయన సన్నగా, పొడుగ్గా ఉండి వేలానికి నిలబడితే, కాసేపటికి శ్మశానంలో బొజ్జతో ఇంకొకాయన తేలతాడు. జనంలో ఒక్కడైనా "ఈయనెవరు?" అని అడిగిన పాపాన పోలేదు. రాయబారంలో కృష్ణుడూ అంతే. ఎవరి గొంతులో ఏ పద్యం పండుతుందో వాళ్లకు ఆ సీను. ఆడవేషాల విషయంలోనైతే నోరు విప్పకపోవడమే మేలు. స్థానం నరసింహారావు సత్యభామగా వేదిక మీదికి వస్తే ఆ నడక చూసి ఇళ్లల్లో ఆడవాళ్లు నడక నేర్చుకున్నారని చెప్పుకునే జాతి మనది.

కాబట్టి ఆరుగురు అన్న అభ్యంతరం మన నోట అంత బాగుండదని ఒప్పుకుంటాను. కానీ తేడా ఉంది. హరిశ్చంద్రుడు అబద్ధమాడడు. ఎంతమంది వేసినా మాట ఒక్కటే కనుక మనిషి ఒక్కడే. డిలన్ వ్యవహారం అలా కాదు.

ఆయన 1941 మే 24న మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టాడు, పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. ఇనుప గనుల ఊరు హిబ్బింగ్‌లో పెరిగాడు. తండ్రికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. శుభ్రమైన మధ్యతరగతి ఇల్లు, ఏ బయోపిక్కుకూ పనికిరాని బాల్యం. ఆ లోటు ఆయనకే ముందుగా తెలిసినట్టుంది. 1961లో న్యూయార్క్ చేరి, తాను అనాథనని, న్యూ మెక్సికో నుంచి వచ్చానని, సంచార ప్రదర్శనల బృందాలతో ఊళ్లు తిరుగుతూ పెరిగానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. 1963లో 'న్యూస్‌వీక్' పత్రిక ఆరా తీసి, తల్లిదండ్రులు నిక్షేపంలా ఉన్నారని అచ్చు వేసింది. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. ఈయన 1965లో, మీరు కవా, గాయకుడా అని విలేకరులు అడిగితే ఆటాపాటా చేసుకునేవాణ్ణని చెప్పి తప్పుకున్నాడు. 1973లో బిల్లీ ద కిడ్ కథ మీద వచ్చిన ఒక సినిమాలో తానే నటించాడు. ఆ పాత్ర పేరు ఏలియాస్. మారుపేరునే పేరుగా పెట్టుకున్నవాడి ఆధార్ కార్డు ఎవరు సరిచూస్తారు? 2016లో నోబెల్ ప్రకటిస్తే చాలా రోజులు ఉలకలేదు, పలకలేదు. చివరికి డిసెంబరులో బహుమతి ప్రదానానికి స్టాక్‌హోమ్‌కు తాను పోలేదు, అక్కడ ఆయన పాటను గాయని పాటీ స్మిత్ పాడింది. అక్కడా ఆయన లేడు.

అసలు వెలుగులోకి రావలసిన విషయం అనుమతి. మన దగ్గర మహానుభావుడి కుటుంబం అనుమతి అంటే స్క్రిప్టులో ఎర్ర సిరా. ఆ పెళ్లి సీను తీసేయండి, ఈ అప్పుల సంగతి ఎందుకండీ, బాబాయిగారి పాత్రకు ఇంకొంచెం గౌరవంగా ఉండే నటుణ్ణి పెట్టండి. హేన్స్ తన ఆలోచనను ఒక్క పేజీలో రాసి పంపాలనుకున్నప్పుడు, డిలన్ మేనేజరు జెఫ్ రోసెన్ ఇచ్చిన సలహా వేరు. మేధావి అనవద్దు, ఒక తరం గొంతుక అని అసలే అనవద్దు. ఆ పేజీ చూసి డిలన్ సరేనన్నాడు, పాటల హక్కులూ ఇచ్చాడు. పొగడ్త పనికిరాదు, జిరాఫీకి అభ్యంతరం లేదు! ఈ షరతు మన పరిశ్రమలో పెడితే 'యుగపురుషుడు' అన్న మాట లేకుండా ట్రైలరు ఎలా కోస్తారో నాకు బోధపడటం లేదు.

మన సంగతి వచ్చింది గనుక ఒక ముచ్చట. 2019లో ఎన్టీ రామారావు జీవితం మీద మూడు నెలల్లో మూడు సినిమాలు వచ్చాయి. మొదటి రెండింటిలో తండ్రి పాత్ర కొడుకే వేశాడు. మూడోది ఎదుటి పక్షం కథ, అందులో వేరే నటుడు. ఒకచోట దేవుడు, మరొకచోట దగాపడిన వృద్ధుడు. మూడూ వరసగా చూసినవాడికి హేన్స్ పద్ధతి తెలియకుండానే అలవాటై ఉంటుంది. కాకపోతే హేన్స్ ఒకే టిక్కెట్టు మీద చూపించాడు.

నిందితుడికి పూర్వ చరిత్ర ఉందని కూడా మనవి చేస్తున్నాను. 1987లోనే ఇతను గాయని కరెన్ కార్పెంటర్ జీవితాన్ని బార్బీ బొమ్మలతో తీశాడు. ఆకలిని చంపుకుని చిక్కి శల్యమై పోయిన మనిషి కథ అది. బొమ్మ ముఖాన్ని రానురాను చెక్కేస్తూ ఆ చిక్కిపోవడం చూపించాడు. పాటల హక్కులు తీసుకోలేదని ఆమె అన్న కోర్టుకెక్కితే సినిమాను ఉపసంహరించవలసి వచ్చింది. పదకొండేళ్ల తరువాత ఇంగ్లాండు రాక్ గాయకుడు డేవిడ్ బౌవీని తలపించే కథ ఎత్తుకుంటే ఆయన పాటలు ఇవ్వనన్నాడు. రెండు దెబ్బలు తిన్నవాడు బుద్ధి తెచ్చుకోవలసింది పోయి, ఎప్పుడూ దొరకని మనిషినే వెతుక్కుంటూ వెళ్లాడు.

సీన్ల విషయమూ చూడండి. 1965 జులైలో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలన్ విద్యుత్ వాద్యాలతో పాడాడు; కొందరు అరిచి గోల చేశారు. ఇది చరిత్ర. హేన్స్ సినిమాలో బ్లాంచెట్, బృందం వేదిక మీదికి వచ్చి, జనం వైపు తిరిగి మెషిన్ గన్నులు పేలుస్తారు. అలా జరగలేదని పసిపిల్లవాడికీ తెలుసు. అయితే ఆ రోజు ఆ జనానికి చెవుల్లో ఎలా అనిపించి ఉంటుందో నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా అంత బాగా చెప్పలేదు. ఇది మెచ్చుకోలు కాదు, సాక్ష్యం మాత్రమే. ఇంకొకచోట రైల్లోంచి నదిలో పడ్డ కుర్రవాడి వెంట తిమింగలం పడుతుంది. నదిలో! దీనికి నేను వ్యాఖ్యానం రాయను.

ప్రజల తీర్పు కూడా రికార్డులో ఉండాలి. సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చయితే, వచ్చింది కోటీ ఇరవై లక్షల లోపు. తిమింగలాన్ని తగ్గించుకుని ఉంటే కొంత కలిసొచ్చేది.

ఆఖరికి 2024లో పద్ధతైన మనిషి దొరికాడు. దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్ తీసిన 'ఎ కంప్లీట్ అన్‌నోన్'. ఒక్క డిలన్‌కు ఒక్క నటుడు, తిమొతీ షాలమే. గిటారు నేర్చుకున్నాడు, తన గొంతుతోనే పాడాడు, అచ్చం అలాగే ఉన్నాడు. ఆడది లేదు, బందిపోటు లేడు, జిరాఫీ లేదు. 1961 తరువాత 1962 వస్తుంది. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు, వసూళ్లు హేన్స్ కలలో కూడా చూడనన్ని. ఊపిరి పీల్చుకుని, నా అభియోగపత్రానికి అనుబంధంగా, ఆదర్శ నమూనాగా దీన్నే జతపరచాలనుకున్నాను.

అయితే జతపరిచే ముందు సరిచూసుకోవడం ఆనవాయితీ. 1966 మే నెలలో మాంచెస్టర్‌లో ఒక శ్రోత డిలన్‌ను "జూడాస్!" అని, అంటే క్రీస్తును పట్టించిన ద్రోహి పేరు పెట్టి, అరిచాడు; ఈ సినిమాలో ఆ అరుపు ఏడాది ముందుకు జరిగి, సముద్రం దాటి, న్యూపోర్ట్‌లో వినిపిస్తుంది. డిలన్ తొలి నాళ్ల స్నేహితురాలు సూజీ రోటోలో పేరు సిల్వీ అయింది, డిలన్ కోరిక మీదే. పోనీ, అది గోప్యత. అంతలో, ఇదే సినిమాలో జానపద గాయకుడు పీట్ సీగర్‌గా వేసిన ఎడ్వర్డ్ నార్టన్ ఒక పత్రికకు చెప్పిన మాట కంటపడింది: పూర్తిగా అబద్ధమైన సీను ఒక్కటైనా ఇందులో ఉండాల్సిందేనని డిలన్ పట్టుబట్టాడట.

ఏ సీనో తెలియదు. ఇప్పుడు ఆ సినిమాలో ప్రతి సీనునూ అనుమానంగా చూస్తున్నాను. ఆసుపత్రిలో గత్రీకి పాట వినిపించినదా? మోటారు సైకిలు మీద వెళ్లినదా? ఆ ముద్దా, ఈ తగాదా? సిగరెట్టు వెలిగించే తీరు కూడా నమ్మబుద్ధి కావడం లేదు. హేన్స్ సినిమాలో ఈ బెడద లేదు. తిమింగలం దగ్గర ఎవరూ మోసపోరు. కాబట్టి ఆదర్శ నమూనా అనుబంధాన్ని ప్రస్తుతానికి ఉపసంహరించుకుంటున్నాను. అభియోగపత్రం మిగతా భాగం యథాతథంగా ఉంటుంది, జిరాఫీతో సహా.