ఫోర్‌కే సంగతి తర్వాత, ముందు మీ ఇంటి బండలు చూడండి

మా కాలనీలో ఇంటర్ చదువుతున్న అబ్బాయి మొన్న ఆదివారం వచ్చి, "అన్నా, గేములకు టెక్స్చర్లు చేయడం నేర్చుకుందామనుకుంటున్నాను. ఫోర్‌కేలో చేయాలంటే ఎంత ర్యామ్ ఉండాలి? ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని అడిగాడు. టెక్స్చర్ అంటే గేములో గోడకో నేలకో పైన చుట్టే బొమ్మ, ఫోర్‌కే అంటే ఆ బొమ్మ ఒక్కో వైపు 4096 చుక్కలు ఉండడం. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాలేదు. ఈ రెండు ప్రశ్నలే ముందు అడగాలని వాడికి నూరిపోసినవాళ్ల మీద మాత్రం చాలా కోపం వచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం నేను కూడా అవే ప్రశ్నలతో అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థకు వెళ్లి 18,000 రూపాయలు కట్టాను. ఏ మెనూలో ఏ బటన్ ఉందో మూడు నెలలు చెప్పారు. తయారుగా ఉన్న రాతిగోడ బొమ్మ ఇచ్చి, దాన్ని ఒక పెట్టెకు చుట్టమన్నారు. రాయి రాయిలా ఎందుకు కనిపిస్తుంది, తడిసిన రాయికీ ఆరిన రాయికీ తేడా ఎక్కడుంది అన్న మాట ఒక్కరోజు కూడా రాలేదు. చివరికి చేతికి సర్టిఫికెట్ వచ్చింది కానీ సొంతంగా ఒక గోడ చేయడం రాలేదు. అప్పు చేసి ఆ ఫీజు కట్టిన పిల్లలు నా పక్కనే కూర్చున్నారు. వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను నేర్చుకున్నది బర్కత్‌పురలో మా పెద్దమ్మ ఇంటి వసారాలో. షాబాదు బండల వసారా అది. హైదరాబాదు పాత ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ బండల గురించి చెప్పనక్కర్లేదు. కర్ణాటకలోని షాబాదు వైపు నుంచి వచ్చే సున్నపురాయి. నిలబడి చూస్తే అంతా ఒకే బూడిదరంగు. ఒక్కసారి గొంతుకూర్చుని చూడండి. ఒక బండలో నీలం ఛాయ, పక్కదానిలో ఆకుపచ్చ ఛాయ. వీధి గుమ్మం నుంచి కుళాయి దాకా జనం నడిచిన దారి మాత్రం అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంటుంది. గోడ వారగా ఎవరూ తొక్కని చోట రాయి ఇంకా గరుకుగానే ఉంటుంది. కుళాయి కింద ఉప్పునీళ్లు ఆరి తెల్లటి చారలు. సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మట్టి.

రంగు ఒకటే, మెరుపు వేరు. ఎక్కడ నునుపో ఎక్కడ గరుకో గేముకు చెప్పే బొమ్మకు రఫ్‌నెస్ మ్యాప్ అని పెద్ద పేరు పెట్టి భయపెడతారే, ఆ విషయమంతా ఆ నడకదారిలోనే ఉంది. కొత్త గేముల్లో ఆ మ్యాప్‌లో నలుపు అంటే నునుపు, తెలుపు అంటే గరుకు. నేను మాడ్ చేస్తున్న, అంటే సొంత బొమ్మలు చేర్చి మారుస్తున్న స్కైరిమ్ గేము 2011 నాటిది. అందులో మెరుపు సంగతిని నార్మల్ మ్యాప్ (ఎత్తుపల్లాలు చెప్పే బొమ్మ) ఆల్ఫా చానెల్‌లో, అంటే మూడు రంగుల పొరలతో పాటు ఉండే నాలుగో పొరలో దాస్తారు, అక్కడ తెలుపు అంటే మెరుపు. పద్ధతి గేము గేముకూ మారుతుంది. జనం నడిచిన చోటే బండ మెరుస్తుందన్న నిజం మాత్రం ఎక్కడికి వెళ్లినా మారదు.

మొదటి ఫోటో మిట్టమధ్యాహ్నం తీశాను. గేములో అర్ధరాత్రి కొవ్వొత్తి వెలుగులో చూస్తే, నేల మీద పెద్దమ్మ వాళ్ల కటకటాల నీడ పడి ఉంది. ఎండ బొమ్మలోనే అతుక్కుపోయింది. వెలుతురు వేయడం గేము చేసే పని, మన బొమ్మలో నీడ ఉండకూడదని ఆ రాత్రి అర్థమైంది. శ్రావణమాసంలో మబ్బు పట్టిన పొద్దున మళ్లీ వెళ్లి, ఫోనును నేలకు సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీశాను. ఆ ఫోటో పనికొచ్చింది.

గేములో ఒకే బొమ్మను నేలంతా పక్కపక్కనే పరుస్తారు కాబట్టి, తర్వాత అంచులు కలపాలి. జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ అనే సదుపాయంతో బొమ్మను సగానికి సగం జరిపితే నాలుగు అంచులూ మధ్యకు వచ్చి, అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని ఓపికగా చెరపాలి. క్రితా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ కీ నొక్కితే బొమ్మ నాలుగు వైపులా పునరావృతమై కనిపిస్తుంది, అలాగే గీసుకోవచ్చు. రెండూ ఉచితమే. అతుకు పోయిందని సంబరపడి పెద్దమ్మకు గేములో ఆ నేల చూపించాను. ఆమె కళ్లజోడు సర్దుకుని ఒక్క నిమిషం చూసి, "ఆ టీ మరక మనింట్లో ఒక్కటే కదరా, ఇక్కడ ఇన్ని ఎందుకున్నాయి?" అంది. నిజమే. హాలంతా అదే మరక, రెండేసి అడుగులకు ఒకటి, వరుసగా. రోజూ ముగ్గు వేసే మనిషి కంటికి మళ్లీ మళ్లీ వచ్చేది ఇట్టే దొరుకుతుంది. మూడు నెలల తరగతుల్లో ఎవరూ చెప్పని మాట ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది.

నార్మల్ మ్యాప్ దగ్గర ఇంకో రెండు రాత్రులు పోయాయి. బొమ్మలో అడ్డంగా పోయే సందులు గట్లలా పైకి లేచాయి, నిలువు సందులు మాత్రం సరిగ్గా లోపలికే ఉన్నాయి. నార్మల్ మ్యాప్ రాయడానికి డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్ అని రెండు పద్ధతులున్నాయి. పైకీ కిందికీ ఉండే వాలును చెప్పే ఆకుపచ్చ చానెల్ ఒకదానితో పోలిస్తే ఇంకోదానిలో తలకిందులుగా ఉంటుంది. నేను వాడిన త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఇచ్చేది ఓపెన్‌జీఎల్ పద్ధతి, స్కైరిమ్‌కు కావలసింది డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి. ఆ ఒక్క చానెల్ తిరగేస్తే సరిపోయింది.

ఇక ఫోర్‌కే. 4096 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక్క బొమ్మ కుదించకపోతే 64 మెగాబైట్లు. బీసీ7 పద్ధతిలో కుదించినా 16. దూరానికి తగ్గ చిన్న నకళ్లు, అంటే మిప్‌మ్యాప్‌లు, ఇంకో మూడో వంతు కలుపుతాయి. 1024 బొమ్మ అదే కుదింపుతో ఒక్క మెగాబైటు. గేములో ఏదో అరలో మూలన ఉన్న చెంబుకు పదహారింతల మెమరీ ఎందుకు? మామూలు కంప్యూటర్ ఉన్న కుర్రవాళ్ల గేము ఆగి ఆగి నడిచేది ఇలాంటి మాడ్‌ల వల్లే. మైన్‌క్రాఫ్ట్ ఇటుకలకు పొడవు 16 చుక్కలు, వెడల్పు 16. మొత్తం 256 చుక్కల్లో రాయి రాయిలా, చెక్క చెక్కలా కనిపిస్తున్నాయి. ఆ అబ్బాయికి నేనిచ్చిన మొదటి పని అదే: ఆ 256 చుక్కల్లో షాబాదు బండ గీసుకుని రమ్మన్నాను.

ఇంకొకరి మాడ్ నుంచి ఫైలు తీసి, రంగు కాస్త మార్చి, తమ పేరు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అది దొంగతనం, దానికి వేరే పేరు లేదు. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోమని పాలీ హేవెన్ అనే వెబ్‌సైటులో బోలెడు టెక్స్చర్లు పెట్టారు. అయినా గోల్కొండ గ్రానైటు గోడలు, చార్మినార్ సున్నపు పనితనం, పాతబస్తీ తలుపుల మీద పొరలు పొరలుగా లేచిన ఆకుపచ్చ రంగు ఇంత దగ్గరలో ఉండగా, ఎక్కడో ఐరోపా ఇటుకగోడ దింపుకుని నేర్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

పెద్దమ్మ వాళ్ల ఇల్లు దసరా తర్వాత బిల్డరుకు ఇస్తున్నారు. ఆ బండల స్థానంలో టైల్స్ వస్తాయి. కుళాయి దగ్గరి చారలను, గుమ్మం దగ్గర అరిగిన రెండు బండలను నేనింకా సరిగ్గా ఫోటో తీయలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ అబ్బాయిని కూడా తీసుకుని వెళ్తున్నాను. హిమాయత్‌నగర్, నల్లకుంట వైపు ఇలాంటి నేల ఉన్న ఇల్లు మీకుంటే, మబ్బు పట్టిన రోజు చూసి ఒకసారి రానివ్వండి. ఒక్క గంట చాలు, ఏదీ కదపం.