తమ కేసైతే కోట్లు, జనం కేసైతే వాయిదా

ఉదయం పదిన్నరకు కోర్టులో కాల్‌వర్క్, అంటే కేసుల పిలుపు, మొదలవుతుంది. సాక్షి తెల్లవారుజామున తొలి బస్సెక్కి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. కోర్టు కానిస్టేబులు అతణ్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ‘పిలిచేదాకా కదలకు’ అని చెప్పి వెళ్లాడు. రెండు కోర్టులకూ ఒకే ఏపీపీ, అంటే సర్కారు తరఫున కేసు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఇక్కడ పేరు పిలిచే వేళకు ఆయన పై అంతస్తులో మరో కేసులో మరో సాక్షి చేత సాక్ష్యం చెప్పిస్తున్నాడు. ఇంకేముంది, వాయిదా. మూడోసారి సమన్లు అందేసరికి ఆ సాక్షి రాడు. వచ్చినా ‘నాకేం గుర్తులేదు సార్’ అంటాడు. కేసు కొట్టేస్తారు. ‘సాక్ష్యాధారాలు లేనందున’ అంటూ మర్నాడు జిల్లా పేజీలో చిన్న ముక్క వస్తుంది. మేమూ వేస్తాం. సాక్ష్యం చెప్పించే నాథుడు లేక పోయిన కేసని ఆ ముక్కలో ఎక్కడా ఉండదు.

దెబ్బ తిన్నది ఎవరైనా క్రిమినల్ కేసులో ఒక పక్షం ప్రభుత్వమే. కేసు పేరే ‘స్టేట్’తో మొదలవుతుంది. మరి ఆ స్టేటు తన తరఫున నిలబడే మనిషిని ఎలా చూసుకుంటోంది? తెలుగు రాష్ట్రాల్లో ఏ కోర్టు ఆవరణలోనైనా అడగండి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (పీపీల) బిల్లులు ట్రెజరీలో నెలల తరబడి ఆగిపోవడం అక్కడ పాత ముచ్చట. గుమాస్తా ఖర్చు సొంత జేబులోంచి. జిరాక్సు సొంత జేబులోంచి. ఫైళ్లు బైకు వెనక గుడ్డ మూటలో. ఎదుటి పక్షాన హత్య కేసు నిందితుడి తరఫు లాయరు ఇద్దరు జూనియర్లను వెంటేసుకుని, కేసు పుస్తకాలకు చీటీలు పెట్టుకుని దిగుతాడు.

డబ్బు లేదనే మాట మాత్రం నమ్మలేం. మూడు రాజధానుల వ్యాజ్యాల్లో వాదించేందుకు 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీ సీనియర్ లాయరు ముకుల్ రోహత్గీకి 5 కోట్ల రూపాయల ఫీజు మంజూరు చేసింది. అందులో కోటి ముందే ఇచ్చేయమంది. జీవో చకచకా నడిచింది, ఏ ట్రెజరీ కొర్రీ వేయలేదు. ఆ ప్రభుత్వం పోయి మరొకటి వచ్చింది, ఢిల్లీ సీనియర్లకు మాత్రం పని తగ్గలేదు. తమ కేసు అనుకున్నదానికి సర్కారు ఖజానా తాళంచెవి వెతుక్కోదు. జనం కేసు వచ్చేసరికి ఆ తాళంచెవే కనిపించదు.

2019 డిసెంబరు 13 గుర్తుందా? ఆడవాళ్ల మీద అఘాయిత్యాల కేసులకు దిశ బిల్లు తెచ్చి 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు అని ఆంధ్రప్రదేశ్ శాసనసభ బల్లలు చరిచింది. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకనే లేదు. దొరికినా 14 రోజుల్లో సాక్షులందరినీ నడిపించే పీపీలు ఎక్కడున్నారో ఆ సభలో ఎవరైనా అడిగారా? సరిగ్గా వారం ముందు, డిసెంబరు 6న, హైదరాబాద్ దగ్గరి చటాన్‌పల్లిలో దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురూ పోలీసు తూటాలకు చచ్చిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తరవాత తేల్చింది. కోర్టులో శిక్ష పడుతుందన్న ఆశ చచ్చినచోటే ఆ పూలు పూస్తాయి. ఆ కేసులో పీపీకి పని కూడా మిగల్చలేదు.

ఇక నియామకాల సంగతి. ప్రాసిక్యూటర్లను పోలీసుల అజమాయిషీ నుంచి తప్పించి వేరే కేడరుగా పెట్టాలని సుప్రీంకోర్టు 1995లోనే షహానే కేసులో చెప్పింది. ముప్ఫయ్యేళ్లు గడిచాయి. తెలంగాణలో 2021లో 151, 2025లో 118 ఏపీపీ పోస్టులకు ప్రకటన ఇచ్చింది ఎవరనుకున్నారు? పోలీసు నియామక మండలి! పోలీసుల చార్జిషీటును నిలదీయాల్సిన మనిషికి పోలీసు మండలే పరీక్ష పెట్టి ఉద్యోగమిస్తోంది. మా ఏడుపు ఎవరు వింటారు?

హత్యల్లాంటి పెద్ద కేసులు నడిచే సెషన్స్ కోర్టుల్లో కథ ఇంకో రకం. జడ్జితో సంప్రదించి కలెక్టరు పీపీల జాబితా తయారు చేయాలి, ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి అన్నది చట్టం. జరిగేది మాత్రం, ప్రభుత్వం మారిన నెలలోనే బార్ అసోసియేషన్‌లో ‘ఈసారి ఎవరి మనిషి?’ అన్న గుసగుస. ఎమ్మెల్యే లేఖ ఉన్నవాడు ముందుంటాడు. పాత పీపీ సగం నడిపిన హత్య కేసు కట్టలు కొత్తాయన బల్ల మీదకు వస్తాయి, ఆయన ఓనమాల నుంచి మొదలెడతాడు. ప్రభుత్వ న్యాయవాదుల పదవులు పంచిపెట్టే తాయిలాలు కావని, ప్రతిభే కొలబద్ద కావాలని పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ తీర్పు మన సచివాలయాల దాకా రాలేదు కాబోలు.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షను పెద్ద మాటలే చెప్పింది. పదేళ్లు, ఆపై శిక్ష పడే కేసులను ప్రాసిక్యూషన్ డైరెక్టరే కనిపెట్టుకుని ఉండాలట. ఏడు నుంచి పదేళ్ల లోపు శిక్ష ఉన్నవి డిప్యూటీ డైరెక్టరు చూడాలి. అప్పీలు వేయాలా వద్దా అన్న అభిప్రాయమూ డైరెక్టరుదే. తుని రైలు దహనం కేసులో ఏం చూశాం? కోర్టు కొట్టేసిన ఆ కేసులో 2025 జూన్‌లో అప్పీలుకు వెళ్లమని ప్రభుత్వం జీవో, గగ్గోలు రేగగానే అది వెనక్కి. అందులో ప్రాసిక్యూటరు బుర్రకు చోటెక్కడ?

ఇందులో నష్టపోయేది బాధితులొక్కరే అనుకుంటే పొరపాటు. విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో ఒక నిరుపేద కుర్రాడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది. పోలీసు కథను కోర్టుకు చేరకముందే తూకం వేసి ‘ఇది నిలవదు’ అనగల చెయ్యి ప్రాసిక్యూషన్‌లో ఉండాలని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? చుండూరునూ మరవకూడదు. 1991లో ఎనిమిది మంది దళితుల ఊచకోత జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి, బాధితులు నమ్మిన ప్రత్యేక పీపీని నిలబెట్టాక, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేయడం వేరే విషాదం.

పేరున్న లాయర్లు సర్కారు జీతానికి రారని, ఏ ప్రభుత్వమైనా తనకు నమ్మకమున్నవాళ్లనే పెట్టుకుంటుందని అధికారులంటారు. జీతం సమయానికి ఇచ్చి చూశాక ఆ మాట అంటే విందుము. ఇక నమ్మకం విషయానికొస్తే, పీపీ పార్టీ వకీలు కాడు. నిందితుడికి మేలు చేసే కాగితం ఉన్నా దాన్ని కోర్టు ముందు పెట్టాల్సినవాడు.

సెషన్స్ పీపీలకు కేడరు, కోర్టుకొక ఏపీపీ, ఒక గుమాస్తా, నెల నెలా అందే జీతం. ఇవి అడగడానికి కమిటీ అక్కర్లేదు. ప్రాసిక్యూటర్ల నియామకాల మీదే లా కమిషన్ 2006లో 197వ నివేదిక ఇచ్చింది, బూజు దులిపి చదువుకోవచ్చు. అది కూడా చేతకాకపోతే ఒక్క ఉపకారం చేయండి. ఈసారి ఏ ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగినా మైకుల ముందుకొచ్చి ‘దోషుల్ని కఠినంగా శిక్షిస్తాం’ అనకండి. కేసు పిలిచినప్పుడు లేచి నిలబడేది మీరు కాదు. పోయిన నెల బిల్లు ఏమైందని ట్రెజరీ చుట్టూ తిరుగుతున్న ఆ పీపీ.