మందు పేరు అడిగే ముందు ఆకు తిరగేసి చూడండి

నల్లగొండల మా మిద్దె మీద నలభై బకెట్లదాక ఉన్నయ్, పెయింట్ డబ్బాలు, గ్రో బ్యాగులు అన్నీ కలిపి. పోయినేడు దసరాకు టమాట, మిరప, వంకాయ పెట్టిన. సంక్రాంతికి మిరప ముడుచుకపోయింది, శివరాత్రికి టమాట మొత్తం ఎండిపోయింది, ఉగాది పచ్చట్ల ఏసే రెండు పచ్చిమిరపకాయలు కూడ బజారుకు పోయి కొనుక్కొచ్చిన. నలభై బకెట్లు పెట్టుకొని మిరపకాయ కొంటుంటే ప్రాణం ఉసూరుమన్నది.

పురుగు వచ్చిందనో తెగులు వచ్చిందనో నాకు కోపం లేదు, అవి వస్తయ్. నా కోపమంతా ఒక్కదాని మీదనే. చెట్టు బాగలేదని ఎవ్వరికి చెప్పినా ముందుగాల మందు పేరే చెప్తరు. చుట్టాలు చెప్తరు, పక్కింటోళ్లు చెప్తరు, మందుల దుకాణంల ఆయన అయితే నేను ముడత అనంగనే డబ్బా తీసి బల్ల మీద పెట్టిండు, ఏ ముడత అని కూడ అడగలే. నేను గూడ వారానికొకటి మార్చి మార్చి కొట్టిన. మా అన్న ఊరి నుంచి వచ్చేటప్పుడు పత్తి చేనుకు కొట్టంగ మిగిలిన మోనోక్రోటోఫాస్ తెచ్చి "ఒక్క మూత ఏస్తే సాలు చెల్లె, ఏ పురుగూ ఉండది" అన్నడు, నా మంచికే అన్నడు, కానీ ఆ మందు కూరగాయల మీద కొట్టొద్దని కేంద్రం 2005లనే నిషేధం పెట్టింది. పొద్దున తెంపి మధ్యాహ్నం పిల్లల కంచంల ఏసే వంకాయ అది, పత్తి కాదు. వద్దన్నా అని ఆ డబ్బా మూత కూడ తియ్యకుండ వాపస్ ఇచ్చిన.

మిరపల ముడత అంటే ఒకటే రోగం కాదు, ఇది నాకు సగం తోట పోయినంక తెలిసింది. ఆకు అంచులు పైకి లేసి దొప్ప లెక్క అయితే పై ముడత, అది తామర పురుగు పని. తెల్ల కాయితం పట్టుకొని దాని మీద కొమ్మ చివర దులిపితే సన్నటి నూగు అంత పురుగులు ఉరుకుతుంటయ్, కనిపిస్తయ్. ఆకు కిందికి వంగి కాడ పొడుగ్గ సాగితే కింది ముడత, అది నల్లి, కంటికి ఆనదు. ఆకులన్నీ చిన్నగయ్యి గుత్తులు గుత్తులుగ వచ్చి చెట్టు పొట్టిగ ఆగిపోతే అది వైరస్, తెల్లదోమ మోసుకొచ్చేది. తామర పురుగు మందు కొట్టి నల్లి పోలేదని ఏడిస్తే ఏం లాభం, ఇంక వైరస్‌కైతే ఏ దుకాణంల మందు లేదు, పీకేసుడే.

ఒకనాడు వంకాయ ఆకు తిప్పి చూస్తే పేనుబంక (ఆకు రసం పీల్చే సన్న పురుగులు) నడుమ నల్లగ, నారింజ మచ్చలతోని, చిన్న మొసలి లెక్క ఒకటి పాకుతున్నది. వెంటనే నలిపేసిన, అట్ల ఓ పది నలిపిన. తర్వాత తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలంట, పేనుబంకను తినేది అవే. నా దిక్కు కొట్లాడేటోళ్లను నా చేతులతోనే చంపుకున్న, ఇప్పటికీ ఆ ఆకు యాదికొస్తే మనసు కలుక్కుమంటది.

టమాట కథ ఇంకొకటి. నీళ్లు పోసినా ఎండెక్కంగనే వాలిపోతుండె, నీళ్లు సాలలేదనుకొని ఇంకింత పోసిన. ఆఖరికి ఒకటి పీకి వేర్లు కడిగి చూస్తే దారానికి ముడులు ఏసినట్టు వేరు పొడుగూత బుడిపెలు. అది మట్టిల ఉండి వేర్లల జొరబడే నులిపురుగుల పని. మూడేండ్ల నుంచి అదే బకెట్ల అదే మట్టిల మళ్ల మళ్ల టమాటే పెడుతున్న కద, కింద మట్టిల రోగం పెట్టుకొని పైన ఆకుల మీద ఎంత కొట్టినా ఏమైతది. (చిక్కుడు వేర్లకు గోటితో గీకితే ఊడొచ్చే బుడిపెలుంటే భయపడి పీకకండి, అవి చెట్టుకు మంచి చేసేటివి.) మన బోరు నీళ్లకు బకెట్ అంచుల మీద తెల్లగ ఉప్పు పేరుకుంటది, దాన్ని బూజనుకొని దానిక్కూడ మందు కొట్టినోళ్లను చూసిన నేను.

మే మొదట్ల మట్టంతా కుమ్మరించి జానెడు లోపల మందం పరిచి, మంచిగ తడిపి, పైన అద్దం లెక్క లోపలిది కనిపించే పాలిథిన్ కవర్ కప్పి అంచులకు ఇటుకలు పెట్టిన. నల్ల కవర్ కాదు, లోపలికి ఎండ దిగే కవర్ కావాలె. రోహిణి కార్తెల రోళ్లు పగిలే ఎండ మన నల్లగొండకు ఊకెనే ఉన్నది, మృగశిర దాక అట్లనే ఉంచిన. ఆ ఎండకు చెడ్డవాటితోపాటు మట్టిల మంచివి కూడ కొన్ని పోతయ్, అందుకే మాగిన పెంటల ట్రైకోడెర్మా అనే మంచి బూజు కలిపి, తడి గోనెసంచి కప్పి పది రోజులుంచి, వేపపిండితోని కలిపి మట్టిల ఏసిన. టమాట పోయిన బకెట్లల ఈసారి బంతి పెట్టిన, దాని వేర్లు నులిపురుగులను తగ్గిస్తయ్, పూలేమో బతుకమ్మకు గంపెడు వచ్చినయ్.

ఇప్పుడు కొట్టేది వేపనూనె ఒక్కటే, లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం కుంకుడు రసం, పొద్దూకినంక, ఆకు కిందివైపు తడిసేటట్టు. తెల్లగ పిండి లెక్క అంటుకునే పిండినల్లికి అది కూడ కాదు, పాత టూత్‌బ్రష్‌తోని సబ్బునీళ్లు పెట్టి రుద్దుడే. చీమలు దారి కట్టినయంటే పైన పిండినల్లో పేనుబంకో ఉన్నట్టే లెక్క, అవి వదిలే తీపి బంక కోసం వాటిని చీమలే కాపాడుతయ్.

మొన్న తొమ్మిది మిరప చెట్లల ఒకదానికి మళ్ల చిగుర్లు గుత్తిగ వచ్చినయ్. ఆకు తిప్పితే తెల్లదోమ లేసింది. ఇరవై కాయలదాక ఉన్నయ్ దానికి. కాయలు తెంపి, చెట్టును అక్కడికక్కడ కవర్ల కట్టి పీకేసిన. "కాయలున్న చెట్టును పీకుతవా బిడ్డా" అని అత్తమ్మ రెండు రోజులు బాధపడ్డది. మిగిలిన ఎనిమిదింటి ఆకులు పొద్దున మాపు తిప్పి చూస్తున్న, ఇప్పటిదాకైతే మంచిగనే ఉన్నయ్.